ఒంటరి నావికుని రక్షణ: లైఫ్ జాకెట్ ఎంతవరకు కాపాడుతుంది?

ఈ పాఠం చదివిన తరవాత మీరు ఒంటరి సముద్రయానంలోని ప్రత్యేక ప్రమాదాన్ని వివరించగలుగుతారు. రక్షణ సాధనాలను వాటి ప్రాధాన్య క్రమంలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

సముద్రంలో భద్రత అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది లైఫ్ జాకెట్. నలుగురున్న పడవలో ఒకరు నీళ్లలో పడితే మిగిలినవారు కేక వేస్తారు, చూపు మరల్చకుండా అటువైపు చేయి చూపుతూ ఉంటారు, పడవను వెనక్కి తిప్పుతారు. వారు వచ్చేవరకు మనిషిని తేల్చి ఉంచడం లైఫ్ జాకెట్ పని. తీరానికి దూరంగా తెరచాప పడవను ఒక్కరే నడుపుతున్నప్పుడు వెనక్కి వచ్చేవారు ఎవరు? ఈ ప్రశ్నే మన పాఠానికి ఆధారం.

2. పడవ ఆగదు

ఒంటరి నావికుడు నిద్రపోవాలి, వండుకోవాలి, తెరచాపలు సర్దుకోవాలి. ఆ సమయంలో చుక్కాని పనిని ఆటోపైలట్ గాని, గాలి దిశను బట్టి నడిచే విండ్‌వేన్ గాని చూసుకుంటుంది. మనిషి పడిపోయాడని ఆ పరికరానికి తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. పడవ వేగం 6 నాట్లు అనుకోండి. అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్లు, సెకనుకు 3 మీటర్లకు కాస్త ఎక్కువ. ఒక్క నిమిషంలో పడవ 185 మీటర్ల దూరం వెళ్లిపోతుంది. ఈత కొలనులో 100 మీటర్లను 47 సెకన్లలో ఈదే ప్రపంచ స్థాయి ఈతగాడి వేగం కూడా సెకనుకు 2.1 మీటర్లే. కాబట్టి తడిసిన దుస్తులతో, అలల మధ్య ఈదుతూ పడవను అందుకోవడం అసాధ్యం.

తోటివారు ఉన్నా ఈ ప్రమాదం చిన్నది కాదు. అట్లాంటిక్ ఒంటరి పందెంలో 1964లోను, 1976లోను గెలిచిన ఫ్రెంచి నావికుడు ఎరిక్ తబార్లీ 1998 జూన్‌లో ఒక రాత్రి ఐరిష్ సముద్రంలో పడవ మీది నుంచి పడిపోయారు. అప్పుడు ఆయన లైఫ్ జాకెట్ గాని, హార్నెస్ గాని ధరించలేదు. పడవలో సహచరులు ఉన్నప్పటికీ ఆ చీకటిలో ఆయనను కాపాడలేకపోయారు.

3. మొదటి రక్షణ: పడవను విడవకపోవడం

పై కారణం వల్ల ఒంటరి నావికునికి మొదటి సాధనం హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ బిగించే పట్టీల కట్టు. చాలా లైఫ్ జాకెట్లలో ఇది కలిసే ఉంటుంది. దీనికి టెథర్ అనే బలమైన పట్టీని తగిలించి, దాని రెండో కొసను పడవ ముందు నుంచి వెనుక వరకు బిగించిన జాక్‌లైన్‌కు కొక్కెంతో తగిలిస్తారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. టెథర్ పొడవుగా ఉంటే మనిషి పడవ అంచు దాటి నీళ్లలోకి జారిపోతాడు. కదిలే పడవ పక్కన ఈడ్చుకుపోతూ మునిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే జాక్‌లైన్‌ను అంచున కాకుండా పడవ మధ్యగా కట్టడం, వీలైన చోట పొట్టి టెథర్ వాడడం మంచిది. పడ్డాక పట్టి ఉంచడం కన్నా పడకుండా ఆపడమే దీని ముఖ్య ప్రయోజనం.

4. రెండవ రక్షణ: తేలడం

సముద్రయానానికి సాధారణంగా 150 న్యూటన్ల జాకెట్ వాడతారు. అది సుమారు 15 కిలోల బరువును పైకెత్తే బలం. బరువైన దుస్తులు ధరించేవారికి 275 న్యూటన్ల రకం ఉంది. గాలి నిండే రకాల్లో చిన్న సిలిండర్‌లోని కార్బన్ డయాక్సైడ్ జాకెట్‌ను ఉబ్బిస్తుంది. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీని బిగించకపోతే జాకెట్ పైకి జారి, ముఖం నీటిలో ఉండిపోతుంది. సిలిండర్ బిగువుగా ఉందా, దాని బరువు తగ్గిందా అని తరచు చూసుకోవాలి.

చల్లని నీటిలో మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన అదుపులో ఉండదు. సుమారు 10 నిమిషాలకు చేతులు పట్టు కోల్పోతాయి. ఆ మొదటి నిమిషాలను దాటించేది జాకెట్టే. అందుకే అది అనవసరం అని ఎవరూ అనుకోకూడదు.

5. మూడవ రక్షణ: ఆచూకీ తెలపడం

ఆపదలో 406 మెగాహెర్ట్జ్ బీకన్‌ను నొక్కితే ఉపగ్రహాల ద్వారా రక్షణ కేంద్రాలకు సంకేతం చేరుతుంది. పడవలో ఉంచే ఈపర్బ్ కనీసం 48 గంటలు, ఒంటిపై ఉంచుకునే పీఎల్‌బీ కనీసం 24 గంటలు పనిచేయాలి. మనిషి పడిపోతే ఈపర్బ్ పడవతోపాటే వెళ్లిపోతుంది. కాబట్టి పీఎల్‌బీ ఒంటిపైనే ఉండాలి.

అప్పట్లో భారత నౌకాదళ అధికారిగా ఉన్న అభిలాష్ టామీ అనుభవం ఇక్కడ గుర్తుంచుకోదగినది. 2018 సెప్టెంబరు 21న గోల్డెన్ గ్లోబ్ పందెంలో, దక్షిణ హిందూ మహాసముద్రంలో వచ్చిన తుఫానుకు ఆయన పడవ తెరచాప స్తంభం విరిగింది. వెన్నుకు తీవ్ర గాయమై ఆయన కదలలేకపోయారు. ఆ చోటు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి సుమారు 1,900 నాటికల్ మైళ్లు. ఆయన ఉన్న చోటు తెలిసినా, ఫ్రెంచి నౌక ఒసిరిస్ చేరి కాపాడింది సెప్టెంబరు 24న. మూడు రోజులు ఆయన పడవలోనే ఉన్నారు కనుక ఆ సహాయం అందింది. అదే నీటిలో ఒట్టి జాకెట్‌తో తేలుతున్న మనిషికి అంత వ్యవధి ఉండదు.

6. సారాంశం

ఒంటరి నావికుని రక్షణ క్రమం ఇది: పడవను విడవకూడదు, విడిస్తే తేలాలి, తేలుతూ ఆచూకీ తెలపాలి. లైఫ్ జాకెట్ తప్పనిసరి, కాని అది రెండవ మెట్టు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పడవ వేగం 5 నాట్లయితే 2 నిమిషాల్లో ఎంత దూరం వెళుతుంది? (1 నాట్ = గంటకు 1.852 కిలోమీటర్లు)
2. ఒంటరి నావికునికి ఈపర్బ్ ఒక్కటే ఎందుకు చాలదు?
3. మీ దగ్గరి తీరంలో ఒక్కరే వేటకు వెళ్లే మత్స్యకారులు ఉంటే, ఈ మూడు రక్షణలలో వారికి ఏవి ఉన్నాయో అడిగి రాయండి. భారత తీర రక్షక దళం అత్యవసర నంబరు 1554 వారికి తెలుసో లేదో కూడా అడగండి.