మాళెగావ్ జాతరలో సవతుల పాట

కట్టుకున్నవాడు పరాయి పడుచు మీద మనసు పడితే ఆ ఇంట్లో రభస ఎలా ఉంటుంది? 1813లో వెనిస్‌లో ఇరవై ఒక్కేళ్ల ఇటలీ స్వరకర్త రోసీని దీన్నే నవ్వుల సంగీత నాటకం చేశాడు. అల్జీర్స్ ఏలిక ముస్తఫాకు భార్య ఎల్వీరా మొహం మొత్తి, ఇటలీ పిల్ల కావాలంటాడు. దొరికిన ఇసబెల్లా మహా గడుసుది. తిని, తాగి, పడుకుని, ఏం చూసినా నోరెత్తకుండా ఉండే బిరుదొకటి అతనికి తగిలించి, ప్రియుడితో ఓడెక్కి ఉడాయిస్తుంది.

నాందేడ్ జిల్లా వాళ్లకు ఇలాంటి కథ ఇంటి దేవుడిదే. లోహా తాలూకా మాళెగావ్‌లో వెలసిన ఖండోబాకు పెద్దభార్య మ్హాళసా, లింగాయత్ వర్తకుల బిడ్డ. పాచికల్లో ఆమె చేతిలో ఓడి, పన్నెండేళ్లు ఇల్లు విడిచాడట స్వామి. ముసలి జీతగాడి వేషంలో ధనగర్ల గొర్రెలు కాశాడు. మందనంతా చంపి, పిల్లనిస్తేనే బతికిస్తానని బేరం పెట్టి బాణాయిని చేసుకున్నాడు. దేవుడైతే మాత్రం, ఇదేం పెళ్లిచూపులండీ!

అసలు వినోదం ఆమె గడప తొక్కాకే. జాగరణ రాత్రి ఖండోబా సేవకుడైన వాఘ్యా ఒంటితీగె తుణతుణె మీటుతుంటే, సేవకురాలైన మురళి గంట ఆడిస్తూ ఇద్దరి తరఫునా పాడుతుంది. గొర్రెల కంపు, మాంసం తిండి, మడీ మైలా లేదని మ్హాళసా దెప్పితే, బాణాయి ఊరుకోదు. మధ్యలో ఖండోబా నలిగిపోతాడు. రోసీనిలో పరాయి పిల్ల వెళ్లిపోయాక కథ కుదుటపడుతుంది. ఇక్కడ ఆమె ఉండిపోతుంది. నన్నడిగితే మనదే గట్టి హాస్యం. ఈ ఇద్దరే కాదు, దర్జీల, తోటమాలీల ఆడపడుచులూ, ముస్లింలు తమ బిడ్డగా చెప్పుకునే చందాయీ కూడా ఆయన భార్యలే.

తెలుగువారికి ఈ సంసారం తెలియనిదా? కొమురవెల్లి మల్లన్నకు బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మ. ఒగ్గువాళ్లు డోలు కొట్టి చెప్పేదీ ఇంచుమించు ఇదే కథ. 1956 దాకా నాందేడ్ కూడా హైదరాబాద్ రాష్ట్రంలోదే కదా.

మాళెగావ్ జాతర మార్గశిర బహుళ చతుర్దశిన దేవుడి పల్లకీతో మొదలవుతుంది. భక్తులు చల్లే భండారా పసుపు మీద పడితే బట్టలకు వదలదు, పాతవి కట్టుకోండి. గుర్రాల సంత, కుస్తీలు, లావణి పోటీలూ ఉంటాయి. నిజామాబాద్ వైపు వాళ్లు రైల్లో నాందేడ్ చేరి, లాతూరు దారి బస్సెక్కితే చాలు.