వెనక తలుపులోంచి వాన: రబ్బరు మార్చినా ఎందుకు ఆగదు?

సూరత్ నుంచి బార్డోలీ వెళ్లే దారిలో కడోదరా దాటాక జోల్వా వస్తుంది. పేరుకు పల్సాణా తాలూకాలో ఒక ఊరే గానీ చుట్టూ పాలిస్టర్ దారం తీసే ఫ్యాక్టరీలు, మగ్గాల షెడ్లు. దారం పెట్టెలు షెడ్లకు, నేసిన గ్రే బట్ట ప్రాసెసింగ్ మిల్లులకు, సూరత్ మార్కెట్లకు. ఈ సరుకులో చాలా భాగం తిరిగేది చిన్న టెంపోల్లో, పికప్ బండ్లలో. జూన్‌లో వానలు దిగితే సెప్టెంబరు దాకా వదలవు. ఆ నాలుగు నెలలూ బండి యజమానికి ఇంజను కంటే ఎక్కువ బెంగ పెట్టేది వెనక తలుపు.

సూరత్‌లో తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. తెలంగాణ జిల్లాల నుంచి తరాల కిందటే వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. మగ్గంతో బతికే ఆ ఇళ్లలో తడిసిన తాకా అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు మాత్రం చెప్పాలి.

పాలిస్టర్ నీటిని పెద్దగా పీల్చదు, ఆరబెడితే సరిపోదా అనిపిస్తుంది. కానీ తలుపు సందులోంచి దిగేది మంచినీళ్లు కాదు. చట్రం మీది తుప్పు, టైర్లు చిమ్మిన బురద, డీజిల్ మసి అందులో కలిసి వస్తాయి. గ్రే బట్ట మీద లేత తుప్పు మరక కంటికి సరిగా ఆనదు. లేత రంగు అద్దాక బయటపడుతుంది. అప్పటికి ఆ తాకా ఏ షెడ్డులో తడిసిందో, ఏ బండిలో తడిసిందో తేలదు. కోత మాత్రం ఎవరో ఒకరి బిల్లులో పడుతుంది. గంజి పట్టిన పడుగు బీము తడిస్తే ఇంకా చేటు. గంజి మెత్తబడి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, మగ్గం మీదికి వెళ్లాక తెగడం మొదలవుతుంది. పైగా టెంపోకు చేయించే మామూలు మోటారు బీమా లోపలి సరుకుకు వర్తించదు. దానికి విడిగా ట్రాన్సిట్ పాలసీ ఉండాలి. ఒకటి రెండు బండ్లు నడుపుకునేవాళ్లలో ఎంతమంది దాని జోలికి వెళ్తారు?

అందుకే వాన రాగానే జరిగే మొదటి పని తలుపు చుట్టూ కొత్త రబ్బరు వేయించడం, దానిమీద ఒక ట్యూబు సిలికాన్ పూయడం. రెండు వారాలు బాగుంటుంది. మూడో వారంలో మళ్లీ అదే మూల, అదే తడి. ఎందుకంటే చాలా బండ్లలో తప్పు రబ్బరుది కాదు. రబ్బరును నొక్కాల్సిన గడియది, తలుపును మోయాల్సిన మడతబందుది.

గడియ ఆపుతుంది, లాగదు

తలుపు చుట్టూ వేసే బోలు రబ్బరు బీడింగ్ తనంతట తాను నీటిని ఆపలేదు. తలుపు మూసినప్పుడు అది తన ఎత్తులో సుమారు మూడో వంతు నుంచి సగం దాకా అణగాలి. అంతకంటే తక్కువ అణిగితే సన్నని సందు మిగులుతుంది. ఎక్కువ అణిగితే కొన్నాళ్లకు రబ్బరు చచ్చుబడి మళ్లీ లేవదు. ఈ అణుపు తలుపు నాలుగు వైపులా ఒకేలా ఉండాలి. అసలు చిక్కంతా ఇక్కడే.

చిన్న బాడీ బిల్డింగ్ షెడ్లలో కట్టే పెట్టెలకు చాలాసార్లు మామూలు ఇంటి గడియలాంటిదే బిగిస్తారు. అడ్డంగా ఒక కమ్మీ జారి రంధ్రంలో పడుతుంది, అంతే. అది తలుపు తెరుచుకోకుండా ఆపుతుంది గానీ చట్రం వైపు లాగదు. పెద్ద కంటైనర్ల వెనక నిలువుగా పైనుంచి కింది దాకా ఉండే కడ్డీని గమనించండి. పిడి తిప్పితే ఆ కడ్డీ రెండు చివరలా ఉన్న కొక్కేలు చట్రం మీది దవడల్లో దూరి తలుపును లోపలికి గుంజుతాయి. రబ్బరు అణిగేది ఆ గుంజుడుకే. చిన్న బండికి అంత బరువైన సామాను అక్కర్లేదు. పిడి వంచితే బిగుసుకునే క్లాంపులు పైన ఒకటి, కింద ఒకటి వేసినా అదే పని జరుగుతుంది. మధ్యలో ఒక్కటే తాళం ఉన్న తలుపు మధ్యలో బాగానే బిగుస్తుంది, మూలల్లో విచ్చుకుంటుంది. కారేది కూడా మూలల్లోనే.

ఇక మడతబందు. రోజుకు ఇరవై సార్లు తెరిచి మూసే తలుపు బరువంతా దాని ఇరుసు మీద ఉంటుంది. ఇరుసు అరిగితే తలుపు కిందికి వాలుతుంది. పరీక్ష తేలిక: తలుపును సగం తెరిచి, స్వేచ్ఛగా ఉన్న అంచును రెండు చేతులతో పైకి ఎత్తి చూడాలి. మడతబందు దగ్గర కదలిక కనిపిస్తే రబ్బరు కొనే డబ్బుతో ముందు దాన్ని మార్చాలి. ఇరుసు బాగుండి మరలు మాత్రం వదులైతే, ప్లైవుడ్‌లో అవే రంధ్రాల్లో ఇంకాస్త లావు మర బిగించడం తాత్కాలికమే. రంధ్రాన్ని పెద్దది చేసి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మళ్లీ తొలిస్తే మర నిలుస్తుంది, నీరు కూడా చెక్కలోకి దిగదు.

షెడ్డులో ఆగి రోడ్డు మీద కారే బండ్లు వేరే రకం. చట్రం మూలమట్టం తప్పితే అలా అవుతుంది. తలుపు చట్రాన్ని మూల నుంచి మూలకు రెండు వైపులా టేపుతో కొలిచి చూడాలి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే ఎన్ని రబ్బర్లు వేసినా వృథా. ఖాళీ బండిని చదునైన నేల మీద కొలిస్తే సరిపోదు. సరుకు వేసి, ఒక వెనక చక్రం మిట్ట మీద ఉంచి కూడా కొలవాలి. గుంతల రోడ్డు మీద బండి మెలిపడినట్టే అప్పుడూ పడుతుంది.

నీటిబొట్టు బండి నేర్పిన పాఠం

వెనక తలుపు కారడం గురించి అందరికంటే ఎక్కువ తంటాలు పడ్డవాళ్లు సరుకు రవాణా వాళ్లు కాదు. అమెరికాలో 1930ల నుంచి జనం సొంతంగా కట్టుకుంటున్న టియర్‌డ్రాప్ ట్రైలర్ల వాళ్లు. కారు వెనక తగిలించుకునే చిన్న చెక్క పెట్టె అది. ముందు గుండ్రంగా, వెనక్కి వాలుగా నీటిబొట్టులా ఉంటుంది. లోపల ఇద్దరు పడుకునే చోటు, వెనక వంపు తలుపు పైకెత్తితే వంటగది. 1947లో మెకానిక్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక కొలతలతో సహా నిర్మాణ పటాలు అచ్చువేసింది. ఇంటి వెనక షెడ్డులో కట్టుకోగలిగినది కాబట్టి, ఇంటి వెనక షెడ్డులో జరిగే తప్పులన్నీ దాంట్లో జరిగాయి.

టెంపో తలుపుకు మడతబందు పక్కన ఉంటుంది. ఈ బండిలో అది పైకప్పు మీద, సరిగ్గా వాన పడేచోట అడ్డంగా ఉంటుంది. పొడవాటి పియానో మడతబందు వేస్తే దాని కణుపుల మధ్య నుంచే నీరు దిగుతుంది. దానిమీద కాన్వాసు పట్టీ కప్పడం పాత ఉపాయం. తర్వాత కణుపులు లేని అల్యూమినియం మడతబందులు వచ్చాయి. ఒక పట్టీ అంచు గుండ్రంగా మడిచి ఉంటే రెండో పట్టీ అంచు అందులో జారి తిరుగుతుంది, పొడవునా సందు లేకుండా.

మరో చిక్కు వంపుది. పక్కటెముకల మీద పలచని ప్లైవుడ్ వంచి ఈ తలుపు కడతారు. క్లాంపులు తీయగానే, కొన్ని నెలల ఎండకు ఇంకాస్త, అది నిటారు కావాలని చూస్తుంది. పైనా కిందా సరిగ్గా కూర్చున్నా మధ్యలో వేలు దూరేంత ఎడం వస్తుంది. దీనికితోడు తలుపును పైకి లేపే గ్యాస్ స్ట్రట్లు మూసి ఉన్నప్పుడు కూడా తోస్తూనే ఉంటాయి. వాటి బలం అవసరానికి మించితే తలుపు అంచులు ఇంకా ఉబ్బుతాయి. వేడికి గ్యాస్ ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఎండాకాలంలో ఈ తోపు ఎక్కువ. కారు డిక్కీ తలుపుల్లో ఉండేవీ ఇవే. కొత్త స్ట్రట్టు వేయించాక డిక్కీలో తడి మొదలైందంటే ముందు అనుమానించాల్సింది ఆ స్ట్రట్టు బలాన్నే.

ఈ బండ్లలో నిద్రపోయినవాళ్లు పొరబడే ఒక విషయం కూడా ఉంది. వాన లేని చలి రాత్రి తెల్లారి తలుపు లోపలివైపు నీళ్లు కారుతుంటే అది లీకు కాదు, ఇద్దరి ఊపిరిలోని తేమ. గాలి ఆడే రంధ్రం తెరిస్తే పోతుంది. దానికి సిలికాన్ పూసినవాళ్లు తక్కువేమీ కాదు.

బండి వెనక గాలి, ఎండకు కాగిన పెట్టె

పెట్టె ఆకారపు బండి పరుగెడుతుంటే దాని వెనక గాలి ఒత్తిడి తగ్గి సుడి తిరుగుతుంది. చక్రాలు చిమ్మిన నీటి తుంపర ఆ సుడిలో పడి తలుపుకు కొడుతూ ఉంటుంది. వాన పై నుంచి వస్తుందని అందరూ పై అంచునే చూస్తారు గానీ నడిచే బండికి కింది అంచు నుంచి వచ్చేదీ తక్కువ కాదు.

ఎండలో నిలిపిన ఇనుప పెట్టె మీద హఠాత్తుగా వాన పడ్డప్పుడు జరిగేది మరొకటి. లోపలి గాలి 60 డిగ్రీల నుంచి 30కి చల్లబడితే దాని పరిమాణం సుమారు 9 శాతం తగ్గుతుంది. ఆ మేరకు బయటి గాలి సందుల్లోంచి లోపలికి దూరుతుంది, సందు మీద నిలిచిన నీటి పొరను కూడా పీల్చుకుంటూ. నిలబెట్టిన బండిలో సరుకు ఎలా తడిసిందో అర్థం కాని చోట కారణం ఇదే కావచ్చు.

సిలికాన్ ట్యూబు చేసే చేటు

కనిపించిన చోట పూసిన సిలికాన్ నీటిని లోపలే బంధిస్తుంది. పైనుంచి దిగిన నీటికి బయటికి పోయే దారి మూసుకుపోయి, అడుగు ప్లైవుడ్ పొరలు విడిపోతాయి, ఇనుప గడప లోపలి నుంచి తుప్పు పడుతుంది. పూసేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం అయితే ఇనుమును అదే తినేస్తుంది. ఇంకో నష్టం తర్వాత తెలుస్తుంది: ఒకసారి సిలికాన్ అంటిన చోట రంగు గానీ, వేరే అతుకు గానీ పట్టదు, మొత్తం గీకేయాల్సిందే. కదలని అతుకులకు పాలీయురేథేన్ మేలు. మడతబందు కింద, ఎప్పుడో ఒకప్పుడు విప్పాల్సిన చోట బ్యూటైల్ టేపు వేయాలి. అది ఎన్నాళ్లయినా జిగురుగానే ఉంటుంది, విప్పితే ఊడుతుంది.

రివెట్లను ఎవరూ అనుమానించరు. మామూలు పాప్ రివెట్టు మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది, నీరు దాంట్లోంచే దిగుతుంది. మూసిన కొన ఉన్న రివెట్లు దొరుకుతాయి, తలుపు మీద అవే వాడాలి. అల్యూమినియం రేకులో స్టీలు మర నేరుగా బిగిస్తే, ఉప్పు గాలి తగిలే సూరత్‌లాంటి చోట మర చుట్టూ అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. మధ్యలో నైలాన్ వాషరు పెడితే చాలు.

ఏది లోపమో తేల్చుకునే పద్ధతికి ఒక గంట పడుతుంది. తలుపు చట్రానికి సుద్ద రాసి మూసి తెరిస్తే రబ్బరు మీద సుద్ద అంటని చోటు అది తాకని చోటు. ఆ తర్వాత కాగితపు ముక్కను సందులో పెట్టి తలుపు మూసి లాగాలి. తేలిగ్గా జారివస్తే అక్కడ నొక్కుడు లేదు. చివరగా నీటి పైపు: ఒక మనిషి టార్చితో లోపల ఉండగా, కింది అంచుతో మొదలుపెట్టి ఒక్కో వైపు ఐదు నిమిషాలు తడుపుతూ పైకి వెళ్లాలి. పై నుంచి మొదలుపెడితే నీరు అన్ని వైపులా జారి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. తడిసిన చోటు, నీరు దూరిన చోటు ఒకటి కావు. చట్రం లోపల పాకి అది రెండడుగుల దూరంలో పడొచ్చు.

మరమ్మతు వరస కూడా ఇందులోంచే వస్తుంది. మొదట చట్రం మూలమట్టం, తర్వాత మడతబందు, ఆ తర్వాత గడియ. ఇవి కుదిరాకే రబ్బరు. దాని అతుకు పైన కాకుండా అడుగున రావాలి. గడపకు రెండు మూలల్లో పెన్సిలు దూరేంత రంధ్రాలు వేసి వదిలేయాలి. ఎంత బిగించినా కొంత నీరు ఎప్పుడో ఒకసారి లోపలికి వస్తుంది. వచ్చింది ఆ రంధ్రాల్లోంచి పోతుంది, తాకాల కిందికి చేరదు.