పాత మిల్లింగ్ సామాను కొంటున్నారా? ముందు షాంక్ కొలవండి

ఎపిసోడ్‌లో చెప్పిన కొలతలు చెవితో వింటే గుర్తుండవు. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాం.

కమ్మింగ్ చుట్టుపక్కల గ్యారేజ్ సేల్స్‌లో, ఎస్టేట్ సేల్స్‌లో పాత డ్రిల్ చక్‌లు, కాలెట్లు, బోరింగ్ హెడ్‌లు కనపడుతుంటాయి. అమ్మేవాళ్లని అడిగితే "బ్రిడ్జ్‌పోర్ట్ మిల్లుది" అంటారు. ఆ మాట సరిపోదండీ. బ్రిడ్జ్‌పోర్ట్ పాత ఎం-హెడ్‌లలో మోర్స్ 2 ఉండొచ్చు, బ్రౌన్ అండ్ షార్ప్ 7 ఉండొచ్చు. మనం ఎక్కువగా చూసే ఆర్8 తర్వాతి హెడ్‌లది.

ఆర్8ని పట్టుకోవడం తేలిక. ఒళ్లంతా తిన్నగా 0.950 అంగుళం, అంటే 24.1 మిల్లీమీటర్లు. ముక్కు దగ్గర మాత్రమే కోన్‌లా విచ్చుకుని 1.25 అంగుళాలవుతుంది. పక్కన కీ గాడి, వెనక 7/16-20 త్రెడ్.

అసలు తికమక మోర్స్ 2కీ, బ్రౌన్ అండ్ షార్ప్ 7కీ మధ్యే. లావు వైపు ఒకటి సుమారు 0.700, రెండోది సుమారు 0.725 అంగుళం. కంటికి ఒకేలా ఉంటాయి. లావు కొలిచి ఊరుకోకండి, వాలు కొలవండి. షాంక్ మీద మార్కర్‌తో రెండు అంగుళాల దూరంలో రెండు గీతలు పెట్టి, రెండు చోట్లా క్యాలిపర్ పట్టండి. తేడా 2.5 మిల్లీమీటర్లు వస్తే మోర్స్, 2.1 వస్తే బ్రౌన్ అండ్ షార్ప్. తేడా అంతకంటే బాగా ఎక్కువుంటే, అంగుళానికే 7.4 వస్తే, అది 7/24 కుటుంబం: ఎన్‌ఎంటీబీ, క్యాట్, బీటీ, ఐఎస్ఓ. లావు వైపు 1.25 అంగుళాలైతే 30 నంబరు, 1.75 అయితే 40, 2.75 అయితే 50.

తప్పు టేపర్ కూడా లోపలికి వెళ్తుంది, గట్టిగా కూర్చున్నట్టే ఉంటుంది. కానీ ఒక అంచు మీదే ఆనుతుంది. అది కట్ చేసేటప్పుడు ఊగి స్పిండిల్ లోపలి మొహాన్ని తినేస్తుంది. చక్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, స్పిండిల్ పోతే మిల్లే పోయినట్టు. అనుమానముంటే షాంక్ మీద పొడుగ్గా మార్కర్ గీతలు గీసి, స్పిండిల్‌లో పెట్టి కాస్త తిప్పి తీయండి. గీత పొడుగునా చెరిగితే సరే, ఒక చివరే చెరిగితే అది మీది కాదు.

బాలానగర్‌లో పనిచేసొచ్చిన మనవాళ్లకి 40 టేపర్ అంటే డ్రాబార్ ఎం16 అని అలవాటు. ఇక్కడ అది 5/8-11. కోన్ ఒకటే, త్రెడ్ వేరు. ఎం16 రంధ్రంలో 5/8 బార్ ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి పట్టేస్తుంది. బిగిసిందనుకుని మెషీన్ ఆన్ చేశారో, ఆ రెండు చుట్ల మీదే టూల్ వేలాడుతుంటుంది. 7/24 టేపర్ మోర్స్‌లా తనంతట తాను పట్టుకోదు, డ్రాబార్ వదిలితే కిందికే. బీటీ 40 కూడా ఎం16, క్యాట్ 40 మాత్రం 5/8-11.

మోర్స్ షాంక్ చివర చదునైన నాలుక ఉండి, త్రెడ్ రంధ్రం లేకపోతే అది డ్రిల్ ప్రెస్‌ది. దాంతో ఎండ్ మిల్ వాడొద్దు. పక్కనుంచి వచ్చే ఒత్తిడికి ఊడి చేతికే రావచ్చు.

సేల్‌కి వెళ్లేటప్పుడు జేబులో క్యాలిపర్, మార్కర్, ఇంకా నాలుగు బోల్టులు పెట్టుకోండి: 3/8-16, 7/16-20, 1/2-13, 5/8-11. ఏది వేళ్లతో చివరిదాకా తిరిగితే ఆ త్రెడ్డే.