గొలుసు సాగితే భూమి తగ్గేది

సెంటు అంటే 48.4 చదరపు గజాలు. అలాంటివి వంద కలిస్తే ఎకరం. ఈ లెక్క ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నలభై ఎనిమిదీ కాదు, యాభై కాదు, మధ్యలో ఈ వంకర లెక్కేమిటంటే మాత్రం చెప్పేవారు తక్కువ. దాని పుట్టుక ఒక ఇనుప గొలుసులో ఉంది.

1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లండు గణిత పండితుడు ఈ గొలుసును వాడుకలోకి తెచ్చాడు. పొడవు 66 అడుగులు, అంటే 22 గజాలు. (క్రికెట్‌లో వికెట్ల మధ్య దూరం కూడా సరిగ్గా ఇంతే.) దీనికి 100 లింకులు, లింకు 7.92 అంగుళాలు. పొడవు, వెడల్పు లింకుల్లో కొలిచి గుణించి, చివరి మూడంకెలు కొట్టేస్తే సెంట్లు తేలతాయి. వెయ్యి చదరపు లింకులే ఒక సెంటు. గుణకారం వచ్చినవాడికి అంతకుమించి చదువు అక్కరలేదు.

ఇన్ని తూముల గింజలు చల్లే నేల అని పొలాన్ని లెక్కగట్టే అలవాటున్న మన పల్లెలకు ఈ గొలుసు తెల్లవారి పాలనలో వచ్చింది. నిజాం ఏలుబడిలోని తెలంగాణలో మాత్రం 33 అడుగుల గొలుసు నడిచింది. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న నేల ఒక గుంట. 40 గుంటలు ఎకరం. గుంటర్‌కూ మన గుంటకూ చుట్టరికం లేదు, మాట కలిసిందంతే.

గొలుసు పట్టడానికి ఇద్దరు కావాలి. ముందు మనిషి చేతిలో పది ఇనుప పుల్లలు ఉంటాయి. గొలుసు బిగలాగిన చోటల్లా ఒకటి గుచ్చుతాడు. వెనక మనిషి వాటిని ఏరుకుంటూ వస్తాడు. పది పుల్లలూ అతని చేతికొస్తే పది గొలుసులు, అంటే ఒక ఫర్లాంగు. ప్రతి పది లింకులకు పళ్లున్న ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. పళ్లు లెక్కబెడితే ఎన్ని పదులో తెలుస్తుంది.

గట్టు వంపు తిరిగిన చోట క్రాస్ స్టాఫ్ కావాలి. నేలలో గుచ్చే కర్ర, దాని తలమీద చెక్క దిమ్మె, దిమ్మెలో ఒకదానికొకటి అడ్డంగా రెండు సన్నని చీలికలు. అంతే పరికరం! ఒక చీలికలోంచి గొలుసు లైను, రెండోదాంట్లోంచి గట్టు మూల ఒకేసారి కనపడితే అక్కడ మూలమట్టం కుదిరినట్టు. అక్కణ్నించి మూలకు దూరం కొలిచి రాసుకుంటారు. ఏటవాలు నేలమీద గొలుసు పరిస్తే కొలత ఎక్కువొస్తుంది. అందుకే దాన్ని గాలిలో మట్టంగా పట్టి, కొసనుంచి మేస్త్రీల గుండులాంటిది వదిలేవారు.

అరిగిన ఉంగరాలు

తగాదాలకు విత్తనం వేరే చోట ఉంది. లింకుకూ లింకుకూ మధ్య చిన్న ఉంగరాలుంటాయి. ఇనుముకు ఇనుము రాసుకునే చోట్లు గొలుసు మొత్తంలో దాదాపు 800. ఒక్కో చోట అంగుళంలో నూరోవంతు అరిగితే చాలు, గొలుసు 8 అంగుళాలు సాగుతుంది. అంటే ఒక లింకు! సాగిన గొలుసుతో కొలిస్తే పది ఎకరాల పొలం 9 ఎకరాల 80 సెంట్లుగా తేలుతుంది. అమ్ముకునేవాడికి 20 సెంట్లు గల్లంతు. లింకులు వంగినా, ఉంగరాల్లో బురద ఇరుక్కున్నా గొలుసు పొట్టిదై, లేని భూమి లెక్కలోకి వస్తుంది. దానికీ శిస్తు కట్టాల్సిందే. అందుకే సరైన కొలతతో సరిచూడకుండా గొలుసును పొలంలోకి తేకూడదన్నది సర్వేలో మొదటి పాఠం. సాగిందని తేలితే ఒకటి రెండు ఉంగరాలు తీసేసేవారు.

ఆ గొలుసులు మూలనపడ్డాయి. టేపులు వచ్చాయి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో పనిచేసే రోవర్లు దిగాయి. అయినా హద్దు తగాదా రాగానే పెట్టెలోంచి బయటికి తీసేది పాత ఎఫ్.ఎం.బి. నకలే. పాత పటాల్లో గట్టు పక్కన 250 అని ఉంటే దాన్ని అడుగులనుకుని టేపు పట్టడం పొరపాటు. లింకుల్లో గీసిన పటమైతే అది 250 లింకులు. అడుగుల్లోకి మార్చాలంటే 0.66తో గుణించాలి. గట్టు 165 అడుగులకే ఆగుతుంది. తర్వాతి కాలంలో మీటర్లలో గీసిన పటాలూ ఉన్నాయి. రాయి పీకే ముందు ఆ పటం లింకులదో మీటర్లదో సర్వేయరునడిగి తేల్చుకోవాలి.