పొలపు మందులును స్త్రీల ఆరోగ్యమును

ఇల్లు శుచిగా నుంచుట తమ పనియని మన స్త్రీలు తరతరములుగా నమ్మియున్నారు. వాకిలి కడిగి ముగ్గు పెట్టుదుము; స్నానము చేయనిదే వంటింట నడుగిడము. కాని కంటికి గనబడని మాలిన్యమొకటి పొలము నుండి బట్టలతోను, కూరగాయలతోను, ఖాళీ డబ్బాలతోను మన యిండ్లలో బ్రవేశించుచున్నది. అదియే పురుగుమందు. దానికిని రొమ్ము క్యాన్సరునకును గల సంబంధమును గూర్చి సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

పెద్దలు రాచపుండని పిలిచిన యీ జబ్బు నేడు మన దేశపు స్త్రీలకు వచ్చు క్యాన్సరులలో మొదటిది. 2022వ సంవత్సరమున సుమారు 1,92,000 మందికి క్రొత్తగా సోకినట్లు అంచనా.

మా మోస్రా ప్రాంతపు భూములకు 1931లో పూర్తియైన నిజాంసాగరపు కాలువయే ప్రాణము. ఆ నీటి వలననే వరియు చెరకును పండినవి. బోధను శక్కర్‌నగర్ చక్కెర మిల్లు 2015లో మూతపడినది గాని, పొలములలో మందుల వాడుక ఆగలేదు. నారుమడికి గుళికలు, కలుపునకు గడ్డిమందు, దోమకొకటి, కాండము తొలుచు పురుగునకు మరియొకటి. మందు కొట్టువారు తరచు పురుషులే. అయినను మందు కలిసిన బురదలో నిలిచి నాట్లు వేయువారెవరు? కలుపు తీయువారెవరు? మందుతో దడిసిన చొక్కాలనుతుకువారెవరు? స్త్రీలే కదా!

ఈ విషములు రొమ్మునేల బాధింపవలయునని యడుగవచ్చును. స్త్రీ శరీరమున ఈస్ట్రోజెన్ అను హార్మోను కలదు. రొమ్ములోని కణములు పెరుగుట దాని యాజ్ఞపైననే. కొన్ని రసాయనములు ఆ హార్మోను వేషము దాల్చి, వేళ కాని వేళ కణములను బెరుగుమని ప్రేరేపించును. తల్లి గర్భమున నున్నప్పుడు, ఆడపిల్ల యీడేరునప్పుడు, తొలి కాన్పునకు ముందు రొమ్ము మిక్కిలి సుకుమారము. విషము ఎంత తగిలెనన్నదియే కాక, ఏ వయసున దగిలెనన్నదియు ముఖ్యము.

డి.డి.టి. చరిత్రయే దీనికి నిదర్శనము. దాని కీటకనాశక శక్తిని 1939లో గనుగొన్న పాల్ ముల్లరునకు 1948లో నోబెల్ బహుమానము లభించెను. అమెరికాలోని కాలిఫోర్నియా స్త్రీల నుండి 1960ల ప్రాంతమున దీసి భద్రపరచిన రక్తమును పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితము ప్రకటించిరి. పదునాలుగేండ్ల లోపుననే ఆ మందు తగిలి, రక్తమున నది హెచ్చుగా నున్నవారికి, ఏబదియేండ్లు నిండకముందే రొమ్ము క్యాన్సరు వచ్చు అవకాశము దాదాపు అయిదు రెట్లుగా గనబడెను. మన దేశమున 1989లో వ్యవసాయమునకు డి.డి.టి. నిషేధింపబడినది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసినది.

అయితే ప్రతి రోగికిని మందులే కారణమనుట న్యాయము కాదు. వయస్సు, వంశపారంపర్యము, మద్యము, ముట్లుడిగిన పిదప స్థూలకాయము మున్నగునవియు గలవు. రోగులలో సగము మందికి స్త్రీత్వము, వయస్సు తప్ప వేరు హేతువు కనబడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వయస్సును మార్చలేము, బట్టల మీది విషమును మాత్రము వదిలించుకొనగలము.

మందు లేక పంట పండునాయని సందేహించువారికి ఖమ్మము ప్రాంతపు పునుకుల గ్రామమే సమాధానము. ఆ యూరి పత్తిరైతులు వేపకషాయము, ఎర పంటలు మొదలగు వానితో పురుగును అదుపు చేసి, 2004 నాటికి రసాయనపు పురుగుమందులను మానిరి. ఆ పనిలో మహిళా సంఘముల పట్టుదల గొప్పది.

ఇంట నాచరింపదగినవి కొన్ని చెప్పెదము. మందు కొట్టి వచ్చినవారు బయటనే స్నానము చేసి బట్టలు విడువవలయును. ఆ బట్టలను పిల్లల బట్టలతో గలుపక, చేతులకు తొడుగులు వేసికొని, వేరుగా నుతికి యెండలో నారవేయవలయును. మందు డబ్బాను నీటికి గాని, గింజలకు గాని వాడరాదు. డబ్బాపై ఎర్ర త్రికోణమున్నచో మిక్కిలి ప్రమాదకరమని గ్రహింపుడు. గర్భిణులును, యీడేరుచున్న బాలికలును మందు కొట్టిన చేనిలోనికి బోరాదు. కూరగాయలను ధారగా పడు నీటిలో రుద్ది కడుగుడు. కాగుచున్న పులుసును ప్లాస్టిక్కు పాత్రలో బోయకుడు. మన స్టీలు గిన్నెలున్నవి కదా.

చనుబాలలో విషముండునేమోయని బిడ్డకు పాలు మానిపింప బోకుడు. పాలిచ్చుట తల్లికే రక్ష. ముప్పది దేశముల పరిశోధనలను గూర్చి 2002లో లెక్కింపగా, పాలిచ్చిన ప్రతి పన్నెండు మాసములకును అపాయము నూటికి నాలుగు వంతులు తగ్గెనని తేలినది.

కడపటి మాట. రొమ్మున గడ్డ తగిలిన యెడల సిగ్గుచే దాచిపెట్టు ఆచారము మనలో మిక్కుటము. నొప్పి లేదు గదాయని మాసములు గడుపువారు కలరు. తొలుత నొప్పి లేకుండుటయే యీ వ్యాధి మాయ. అత్తగారితో నైనను, తోడికోడలితో నైనను వెంటనే చెప్పి వైద్యుని జూడవలయును. హైదరాబాదున 1955 నుండి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రజలకు సేవ చేయుచున్నది. ప్రాణము కంటె సిగ్గు పెద్దది కాదని ప్రతి తల్లియు తన కూతునకు జెప్పుగాక.