ఒక చేత స్టీరింగు, ఒక చేత సెల్‌ఫోను – చట్టం ఏమంటోంది?

మిర్చి సీజన్లో యార్డుకు టిక్కీలు వేసుకుపోయే ట్రాక్టర్లను చూస్తూనే ఉంటాం. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి ఆనించి "ఇవాళ ఎంత పలికింది?" అని కేకలేస్తుంటాడు. ఇంజను చప్పుడుకు అవతలి మాట వినబడదు గనక ధ్యాసంతా దాని మీదే. వెనక హారను కొడుతున్న లారీ సంగతి ఎవరికి పట్టింది?

ట్రాక్టరుకు ఈ చట్టాలు వర్తించవని కొందరు రైతుల నమ్మకం. అది పొరపాటు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రాక్టరూ మోటారు వాహనమే, మోపెడూ అంతే. ఈ చట్టంలో 184వ సెక్షను ప్రమాదకరంగా బండి నడపడం గురించి చెబుతుంది. 2019లో దీన్ని సవరించి, చేతిలో పట్టుకునే ఫోను వాడుతూ నడపడాన్ని కూడా పేరు పెట్టి అందులో చేర్చారు. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది.

మొదటిసారి నేరానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళ లోపు మళ్ళీ చేస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా 10,000 రూపాయలు, లేదా రెండూ. సవరణకు ముందు మొదటి తప్పుకు వెయ్యికి మించి జరిమానా లేదు. అయితే ఫోను కేసులో కోర్టు దాకా పోకుండా రుసుము కట్టి తేల్చుకునే వీలు చట్టంలోనే ఉంది. ఆ రుసుమును రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మనకు తెలిసిన చలానా అదే. ఈ విలేకరి కూడా ఒకసారి మోపెడ్ మీద ఫోనెత్తి కట్టుకున్నవాడే, అందుకే ఇంత వివరంగా తెలుసు!

చలానాతో పోతే పోయిందనుకోవచ్చు. అసలు చిక్కు లైసెన్సుతో వస్తుంది. 184 కింద పట్టుబడితే పోలీసు అధికారి లైసెన్సు తీసుకుని లైసెన్సు అధికారికి పంపవచ్చు. తీసుకున్నప్పుడు రశీదు ఇవ్వాలి, అది అడిగి దాచుకోండి. ఆ అధికారి మన మాట విన్నాక మొదటిసారి అయితే మూడు నెలలు లైసెన్సు పనికిరాకుండా చేయవచ్చు, రెండోసారి రద్దే చేయవచ్చు.

మూడు నెలలంటే ఒక పంట కోత, అమ్మకం అందులోనే గడిచిపోతాయి. బండి ఇంట్లో ఉండగా ఊరుకోలేక, లైసెన్సు లేకుండానే ట్రాక్టరు తీసే వాళ్ళుంటారు. ఆ సమయంలో ఎవరికైనా దెబ్బ తగిలిందనుకోండి. అనర్హత ఉన్న కాలంలో బండి నడిపాడని బీమా కంపెనీ కోర్టులో వాదించే హక్కు చట్టం ఇచ్చింది. ఆ వాదన నెగ్గితే, బాధితులకు ముందు కంపెనీ చేత కట్టించినా, ఆ సొమ్ము తిరిగి యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టు చెప్పవచ్చు. ప్రాణం పోయిన కేసుల్లో పరిహారం లక్షల్లో ఉంటుంది. రెండెకరాల రైతు ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ పొలం అమ్మాల్సిందే. ప్రీమియం సక్రమంగా కట్టినా ఈ దెబ్బ తప్పకపోవచ్చు.

నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే క్రిమినల్ కేసు వేరే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను ప్రకారం అయిదేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ళే.

ఇక, ట్రాక్టరు మెల్లగా పోతుందిగా అనేవారికి ఒక లెక్క. గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ఎవరు చేశారా అని ఫోను వంక మూడు సెకన్లు చూస్తే బండి 21 మీటర్లు, అంటే 70 అడుగులు, చూపు లేకుండానే పోయిందన్నమాట. వెనక ట్రక్కు నిండా బరువుంటే బ్రేకు తొక్కాక ఇంకా కొంత దూరం పోయి గాని ఆగదు.

దారి చూసుకోవడానికి మాత్రం ఫోను వాడుకోవచ్చు, నడిపేవాడి ధ్యాస చెదరకూడదు. ఈ వెసులుబాటు 2020 అక్టోబరు 1 నుంచి వచ్చింది. హెల్మెట్లో ఫోను దోపుకుంటే, చెవిలో తీగ పెట్టుకుంటే కేసుండదని అనుకోవద్దు. ఫోను చేతిలో ఉన్నా లేకపోయినా, ప్రమాదకరంగా నడిపితే 184 వర్తిస్తుంది.

ట్రాక్టరును కిరాయికి తిప్పేవారు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కెమెరా తీసిన ఫోటోతో వచ్చే చలానా నంబరును బట్టి యజమాని పేరనే వస్తుంది, నడిపింది ఎవరైనా సరే. యార్డు ధర కావాలంటే బయల్దేరే ముందే కనుక్కోండి, లేదా పక్కన కూర్చున్న మనిషికి ఫోనివ్వండి. ఒక్కరే ఉంటే రోడ్డు దిగి, ఇంజను ఆపి మాట్లాడుకోండి. రాత్రిపూట అలా ఆపినప్పుడు ట్రక్కు వెనక ఎర్ర లైటు వెలుగుతోందో లేదో దిగి చూడండి.