ఎడారి మైదానానికి ఏసీ

స్టేడియం శీతలీకరణ అంటే పైకప్పు పూర్తిగా మూయకుండానే, ఆటగాళ్లు పరుగెత్తే పచ్చిక మీదా ప్రేక్షకులు కూర్చునే వరసల్లోనూ గాలిని చల్లగా నిలిపి ఉంచే ఏర్పాటు. 2022లో ఖతార్‌లో జరిగిన ఫిఫా ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీలకు కేటాయించిన ఎనిమిది స్టేడియాల్లో ఏడింటికి ఈ ఏర్పాటు ఉంది. ఇందులో పనిచేసే మూలసూత్రం కొత్తదేమీ కాదు. తిరుపతి జిల్లాలో తడను ఆనుకుని ఉన్న శ్రీసిటీలో తయారవుతున్న గది ఏసీలదీ అదే సూత్రం. డైకిన్, బ్లూస్టార్, లాయిడ్ కంపెనీల ఏసీ కర్మాగారాలు 2023లో ఇక్కడ మొదలయ్యాయి. 2025 మే నెలలో ఎల్‌జీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. నాలుగు గోడల మధ్య పనిచేయడానికి పుట్టిన యంత్రం నెత్తిన ఆకాశం ఉన్న మైదానానికి చేరడానికి వందేళ్లకు పైగా పట్టింది.

మంచు ఓడల కాలం

యంత్రం రాకముందు చల్లదనం కావాలంటే మంచును మోసుకురావలసిందే. అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ ప్రాంతపు చెరువుల్లో చలికాలంలో గడ్డకట్టిన మంచును దిమ్మలుగా కోయించి, రంపపు పొట్టులో కప్పి ఓడల్లో పంపేవాడు. 1833లో ఆ మంచు కలకత్తాకు చేరింది. మద్రాసులో దాన్ని దాచడానికి 1842లో సముద్రపు ఒడ్డున కట్టిన ఐస్‌హౌస్ భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. మంచును స్థానికంగానే యంత్రాలతో తయారుచేయడం మొదలయ్యాక ఈ వ్యాపారం మూతపడింది.

మంచు తయారుచేసే యంత్రానికి 1851లో అమెరికా పేటెంటు పొందిన జాన్ గోరీ వృత్తిరీత్యా వైద్యుడు. ఫ్లోరిడాలో జ్వరాలతో బాధపడే రోగుల గదులను చల్లబరచాలన్నది ఆయన కోరిక. ఆయన యంత్రం వ్యాపారంగా నిలదొక్కుకోలేదు. ఈనాటి ఏసీకి దారి వేసింది 1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి వచ్చిన ఇబ్బంది. రంగుల బొమ్మ అచ్చు వేయాలంటే ఒకే కాగితాన్ని ఒక్కో రంగుకు ఒక్కోసారి యంత్రంలో పెట్టాలి. గాలిలో తేమ పెరిగితే కాగితం సాగి, రెండో రంగు మొదటి రంగు మీద సరిగా కూర్చునేది కాదు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు చల్లని నీళ్లు ప్రవహించే గొట్టాల మీదుగా గాలిని పంపి అందులోని తేమను తీసేసే ఏర్పాటు రూపొందించాడు. గాలి చల్లబడటం దాంతోపాటు వచ్చిన లాభం.

యంత్రం లోపల

ఏసీ చలిని తయారుచేయదు. ఒక చోటి వేడిని తీసి మరోచోట పారబోస్తుంది. మూసిన గొట్టాల్లో తిరిగే ఒక రసాయనం ఈ పని చేస్తుంది. కంప్రెసర్ దాన్ని ఆవిరి రూపంలో నొక్కి, వేడెక్కించి బయటి యూనిట్‌లోని రాగి గొట్టాల్లోకి తోస్తుంది. అక్కడ ఫ్యాను గాలికి అది వేడి వదిలి ద్రవంగా మారుతుంది. సన్నని దారి గుండా వెళ్లేటప్పుడు దాని పీడనం ఒక్కసారిగా పడిపోయి చల్లబడుతుంది. ఆ చల్లని ద్రవం గది లోపలి గొట్టాల్లో గదిగాలి వేడిని పీల్చుకుని ఆవిరై తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. గదిగాలిలోని తేమ ఆ చల్లని గొట్టాల మీద నీటిబొట్లుగా పేరుకుంటుంది. ఏసీ వెనక పైపులోంచి కారే నీళ్లు అవే.

ఈ యంత్రాల శక్తిని టన్నుల్లో చెబుతారు. సుమారు 907 కిలోల మంచు 24 గంటల్లో కరిగేటప్పుడు పీల్చుకునే వేడిని అంతే సమయంలో తీయగలిగితే అది ఒక టన్ను. విద్యుత్ కొలమానంలో చెబితే దాదాపు 3.5 కిలోవాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్ల వేడి వెలువడుతుంది. 40,000 మంది కూర్చునే స్టేడియంలో ప్రేక్షకుల ఒంటి వేడే 4,000 కిలోవాట్లు, అంటే సుమారు 1,140 టన్నులు. ఇళ్లలో వాడే ఒకటిన్నర టన్నుల ఏసీలు 760 దాకా పెడితే గానీ అది తీరదు. ఎండవేడి, ఫ్లడ్‌లైట్ల వేడి, బయటి నుంచి దూరే వేడిగాలి ఈ లెక్కలోకి రానే లేదు.

హ్యూస్టన్ పాఠం

క్రీడాస్థలాన్ని ఏసీతో చల్లబరచిన తొలి పెద్ద ప్రయత్నం 1965 ఏప్రిల్‌లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో తెరుచుకున్న ఆస్ట్రోడోమ్. బేస్‌బాల్ మైదానం మొత్తాన్ని గుమ్మటంతో కప్పి లోపల ఏసీ పెట్టారు. పచ్చికకు ఎండ తగలాలని గుమ్మటానికి వెలుతురు దిగే పలకలు బిగించారు. పగటిపూట ఆ పలకల మిరుమిట్లలో గాలిలోకి లేచిన బంతి ఆటగాళ్లకు కనిపించలేదు. పలకలకు రంగు పూశారు. బంతి కనిపించింది, కానీ వెలుతురు చాలక గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ పరిచిన కృత్రిమ పచ్చికకే తర్వాత ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది. మనిషికి నీడ కావాలి, గడ్డికి ఎండ కావాలి అన్న ఈ పేచీ ఎడారి స్టేడియాల దాకా వెంట వచ్చింది.

ఎడారిలో ఉక్కపోత

2010 డిసెంబర్ 2న ఫిఫా 2022 పోటీలను ఖతార్‌కు కట్టబెట్టింది. విస్తీర్ణంలో ఆ దేశం దాదాపు 11,500 చదరపు కిలోమీటర్లు. ప్రపంచకప్ ఆనవాయితీగా జరిగేది జూన్, జూలై నెలల్లో. అప్పుడు దోహాలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఎడారి అనగానే పొడిగాలి అనుకోవడం సహజం. కానీ ఖతార్ మూడు వైపులా సముద్రమున్న ద్వీపకల్పం. వేసవి చివరి నెలల్లో సముద్రపు తేమ గాలిలో బాగా పెరిగి ఉక్కపోస్తుంది.

ఈ తేమ ఎంత ముఖ్యమో తడ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. పులికాట్ సరస్సు గాలి తగిలే ఈ ఊళ్లలో మే నెలలో నీళ్ల కూలర్ పెడితే జిడ్డుతనం పెరుగుతుందే తప్ప చల్లదనం అంతగా రాదు. అదే కూలర్ అనంతపురంలో హాయిగా పనిచేస్తుంది. నీరు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది, గాలిలో అప్పటికే తేమ నిండితే ఆవిరి కాదు. చెమటదీ ఇదే సంగతి. చెమట ఆరకపోతే ఒంటి వేడి లోపలే ఉండిపోతుంది. 90 నిమిషాలు పరుగెత్తే ఆటగాడికి అది ప్రాణాంతకం కావచ్చు. అందువల్ల నీటి తుంపరలు చల్లే చవక పద్ధతి ఒక్కటే దోహాకు చాలదు. తేమను కూడా తీసే ఏసీ పద్ధతే కావాలి.

చల్లగాలిని నిలిపే గిన్నె

ఈ పనికి ముఖ్యుడు ఖతార్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ ఆచార్యుడు, సూడాన్‌లో పుట్టిన సౌద్ అబ్దుల్‌ఘనీ. పత్రికలు ఆయనకు ‘డాక్టర్ కూల్’ అని పేరు పెట్టాయి. అంతకుముందు ఆయన కార్ల ఏసీల మీద పరిశోధన చేశారు. కారు ఏసీ కారంతటినీ సమానంగా చల్లబరచదు, కూర్చున్న మనిషి మీదికి గాలిని గురిపెడుతుంది. స్టేడియంలోనూ మొత్తం గాలిని చల్లబరచే పని పెట్టుకోకుండా, మనుషులున్న అడుగుభాగాన్ని మాత్రమే చల్లబరచడం ఆయన పద్ధతి.

చల్లగాలి వేడిగాలికన్నా బరువు. దాన్ని అలజడి లేకుండా వదిలితే గిన్నెలో పోసిన నీళ్లలా స్టేడియం అడుగున నిలుస్తుంది. పైన వేడిగాలి ఉన్నా కిందికి దిగదు. బయటి గాలి విసురుగా వచ్చి కలబెడితే మాత్రం ఈ పొర చెదిరిపోతుంది. కాబట్టి సగం పని యంత్రానిది కాదు, కట్టడానిది. స్టేడియం నమూనాలను గాలి సొరంగాల్లో పెట్టి, కంప్యూటర్ లెక్కలు వేసి, పైకప్పు వంపునూ తెరిచి ఉంచే భాగాన్నీ తీర్చారు. అల్ ఖోర్‌లో గుడారం ఆకారంలో కట్టిన అల్ బైత్ స్టేడియానికి ఎండ తక్కువ పీల్చేలా లేత రంగు పొరను వాడారు.

మిగతా సగం పని గొట్టాలది. స్టేడియం బయటి కేంద్రంలో పెద్ద చిల్లర్లు నీటిని చల్లబరుస్తాయి. గాలి కాస్త చల్లగా ఉండే రాత్రివేళ నీటిని చల్లబరచి ట్యాంకుల్లో నిల్వ చేస్తే కరెంటు ఖర్చు తగ్గుతుంది, మ్యాచ్ గంటల్లో యంత్రాల మీద ఒత్తిడీ తగ్గుతుంది. వేడి తగలకుండా తొడుగు వేసిన గొట్టాల్లో ఆ నీరు స్టేడియానికి చేరి గాలిని చల్లబరుస్తుంది. ప్రేక్షకుల వైపు ఈ గాలి సీట్ల కింద ఉన్న చిన్న రంధ్రాల నుంచి పాదాల దగ్గర నెమ్మదిగా బయటికి వస్తుంది. మైదానం అంచుల్లో మాత్రం పెద్ద గొట్టపు నోళ్ల నుంచి పచ్చిక మీదికి దూరంగా విసురుతుంది. కాస్త వేడెక్కిన గాలిని వెనక్కి లాగి, వడగట్టి, మళ్లీ చల్లబరచి పంపుతారు. 40 డిగ్రీల బయటి గాలిని మొదటి నుంచి చల్లబరచడం కన్నా అప్పటికే చల్లబడిన గాలిని తిప్పి వాడటం తేలిక. లోపల 18 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచాలన్నది లక్ష్యం. 1976లో కట్టిన ఖలీఫా స్టేడియం ఈ ఏర్పాటుతో 2017 మే నెలలో తిరిగి తెరుచుకుంది.

గడ్డికి నీరు

పచ్చికను బతికించడం ఇంకో పెద్ద పని. ఖతార్‌లో ఏడాదికి సగటున 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. తాగునీటిలో దాదాపు అంతా ఉప్పు తీసిన సముద్రపు నీరే. ఒక్కో మైదానానికి చలికాలంలో రోజుకు సుమారు 10,000 లీటర్లు, వేసవిలో 50,000 లీటర్ల నీరు పడుతుందని నిర్వాహకులు చెప్పారు. పోటీ మైదానాలకు తోడు సాధన మైదానాలు కలిపి ఇలాంటివి 100కు పైగా ఉన్నాయి. ఉప్పునూ వేడినీ తట్టుకునే పాస్పాలం జాతి గడ్డిని ఎంచుకున్నారు. నీడ పడే చోట కృత్రిమ దీపాలతో వెలుతురు అందించారు. మైదానం పాడైతే వెంటనే పరచడానికి అదనపు గడ్డిని వేరే క్షేత్రంలో పెంచి ఉంచారు.

యంత్రం చేరని చోట

2019 సెప్టెంబర్, అక్టోబర్‌లో దోహాలో జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో ఈ యంత్రం బలమూ హద్దూ రెండూ బయటపడ్డాయి. ఖలీఫా స్టేడియం లోపల పరుగులు చల్లగా సాగాయి. మహిళల మారథాన్ మాత్రం సముద్రతీరపు రోడ్డు మీద. ఎండ తప్పించడానికి అర్ధరాత్రి మొదలుపెట్టినా వేడి 30 డిగ్రీల పైన, తేమ 70 శాతం పైన ఉన్నాయి. బయలుదేరిన 68 మందిలో 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. గిన్నెలేని చోట చల్లగాలిని నిలపడం సాధ్యం కాదు.

స్టేడియాలు కట్టిన కార్మికులదీ గిన్నెలేని చోటే. దక్షిణాసియా నుంచి లక్షలాది మంది ఖతార్‌లో పనిచేశారు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే తెలుగువారి వలస దశాబ్దాల నాటిది. ఎండదెబ్బ, మరణాలు, కంపెనీ మారడానికి యజమాని అనుమతి కావలసిన పద్ధతి ప్రపంచమంతటా విమర్శలకు గురయ్యాయి. అబ్దుల్‌ఘనీ బృందం సౌరశక్తితో చిన్న ఫ్యాను తిరిగే చల్లని హెల్మెట్‌ను కూడా రూపొందించింది. అయితే ఎక్కువ ప్రభావం చూపగలిగింది పనివేళల నియమం. 2021లో తెచ్చిన నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలు 2020లో కల్పించారు.

ఆటగాళ్ల విషయంలోనూ చివరికి క్యాలెండర్‌నే మార్చారు. స్టేడియం చల్లబడినా అభిమానులు నడిచే దారులు, మెట్రో బయటి వరసలు, సాధన మైదానాలు చల్లబడవు. 2015లో ఫిఫా పోటీలను చలికాలానికి జరిపింది. 2022 నవంబర్ 20 నుంచి డిసెంబర్ 18 వరకు అవి జరిగాయి. అందుకోసం యూరప్ లీగ్‌లు సీజన్ మధ్యలో ఆగాయి. అప్పటి దోహా పగటి వేడి 30 డిగ్రీలకు అటూఇటూ ఉండి, డిసెంబర్‌కు ఇంకా తగ్గింది. జూలై ఎండ కోసం రూపొందిన యంత్రం తేలికపాటి పని చేసింది. నౌకల కంటైనర్లతో కట్టిన స్టేడియం 974లో ఏసీయే పెట్టలేదు. సముద్రపు గాలి సోకే ఆ చోట సాయంత్రం, రాత్రి మ్యాచ్‌లే ఆడించారు.

ముందున్నది

2024 డిసెంబర్‌లో ఫిఫా 2034 ప్రపంచకప్‌ను సౌదీ అరేబియాకు ఇచ్చింది. ఖతార్‌లో స్టేడియాల మధ్య గరిష్ఠ దూరం సుమారు 75 కిలోమీటర్లు కాబట్టి జట్లు విమానం ఎక్కకుండానే టోర్నీ ముగిసింది. సౌదీలో నగరాల మధ్య దూరాలు వందల కిలోమీటర్లు. పోటీలో 48 జట్లు ఉంటాయి. స్టేడియం ఏసీ సాంకేతికత ఇప్పుడు చేతిలో ఉన్నా, పోటీలు ఏ నెలలో పెట్టాలన్నదే అక్కడా మొదటి ప్రశ్న.

ఖతార్ అనుభవం చూపిన వరస ఇది: ముందు కాలాన్ని ఎంచుకోవాలి, తర్వాత నీడ వేయాలి, గాలి చొరబడకుండా కట్టడాన్ని తీర్చాలి, మిగిలిన వేడిని మాత్రమే యంత్రానికి అప్పగించాలి. తడ, సూళ్లూరుపేట లాంటి తీరప్రాంతాల్లో బడి, బస్టాండు, ఆటస్థలం కట్టేవారికి కూడా ఈ వరసే వర్తిస్తుంది. తేమగాలిలో ఏసీ పనిభారంలో పెద్ద వాటా ఆ తేమను తీయడానికే పోతుంది. చూరు పొడుగ్గా దించి, పైకప్పుకు లేత రంగు వేసి, మధ్యాహ్నపు ఎండలో ఆటలు పెట్టకుండా ఉంటే, అక్కడ అమర్చే యంత్రం చిన్నదైనా సరిపోతుంది.